రెండో వేలిముద్ర

నేను ఒక సిమ్ కార్డును. గోరంత ఉంటాను. నాకు పది అంకెల నంబరు ఉంది. ఆ నంబరుకు ఎదురుగా ఫోను కంపెనీ కంప్యూటరులో ఒక మనిషి పేరు ఉంది. కొమ్ము సువార్తమ్మ. ఆరేళ్లు ఆ పేరు మీద బతికాను. ఆ సంగతి చాలాకాలం ఆమెకు తెలియదు, నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పుకుంటున్నాను.

నేను తయారైన ఫ్యాక్టరీలో నాలాంటివి గంటకు కొన్ని వేలు వస్తాయి. ప్లాస్టిక్ రేకు మీద చిప్పు అతికిస్తారు, నంబరు కొడతారు, కవరులో పెట్టి మూస్తారు. అలా మూసిన కవరులో చిలకలూరిపేట బస్టాండు ఎదురుగా గొడుగు కింద బల్ల వేసుకున్న ఏజెంటు బాజీ దగ్గరికి చేరాను.

ఒక శనివారం సువార్తమ్మ వచ్చింది. అప్పటికి ఆమె ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. ఫోను పోయింది, కొత్త నంబరు కావాలంది. బాజీ ఆధార్ చూసి, ఫోటో తీసి, వేలిముద్ర యంత్రం ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు పెట్టింది. తెరమీద టిక్కు పడింది. బాజీ ఆ తెర తనవైపు తిప్పుకున్నాడు.

"వేలు పడలేదమ్మా. తుడుచుకుని మళ్లీ పెట్టు."

"గిన్నెలు తోమీ తోమీ గీతలు అరిగిపోయినయ్ నాయనా," అంటూ ఆమె వేలు కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. తప్పు తన వేలిదే అనుకుంది.

మొదటి ముద్రకు వచ్చిన సిమ్ ఆమె తీసుకెళ్లింది. రెండో ముద్రకు పుట్టింది నేను. బాజీ నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు.

పది రోజుల్లో నన్ను రామ్మోహన్ కొన్నాడు. అప్పుడే గుంటూరులో నల్లరేగడి పేరుతో గానుగ నూనె వ్యాపారం మొదలుపెట్టాడు. వ్యాపారానికి వేరే నంబరు కావాలి. కంపెనీ పేరు మీద తీసుకోవాలంటే కాగితాలు, ముద్రలు, తిరుగుళ్లు. "దీనికి కాగితాలేం అక్కర్లేదుగా?" అని ఒక్కమాట అడిగాడు. "అన్నీ అయిపోయినయ్ సార్, రెడీ సిమ్," అన్నాడు బాజీ. రెడీ అన్న మాట వెనక ఎవరి వేలు ఉందో రామ్మోహన్ అడగలేదు. చెడ్డవాడై కాదు, తీరిక లేక. తీరిక లేకపోవడం వల్ల మనుషులు ఎన్నిటినుంచి తప్పించుకుంటారో వ్యాపారస్తుడి ఫోనులో కొన్నాళ్లు ఉంటే తెలుస్తుంది.

తర్వాత నా దశ తిరిగింది. నా నంబరు నూనె డబ్బాల మీదా, సంచుల మీదా, ఆటోల వెనకా అచ్చయింది. పద్దెనిమిది వేల మందికి నా పేరున శుభాకాంక్షలు వెళ్లేవి. పుట్టినరోజున పలకరించేదాన్ని, ఆవకాయ రోజుల్లో నువ్వుల నూనె గుర్తుచేసేదాన్ని. జనం నన్ను నల్లరేగడి అని ఫోనుల్లో రాసుకున్నారు. నేనూ అదే నా పేరనుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇంతలో కొత్త నిబంధనలు వచ్చాయి. మెసేజీల యాప్ ఏ సిమ్ మీద తెరిచారో ఆ సిమ్ ఆ ఫోనులోనే ఉండాలి. కంప్యూటర్లలో తెరిచి వదిలేస్తే కొన్ని గంటలకు దానంతటదే మూసుకుపోతుంది. ఎవరికైనా ఫోను చేస్తే, సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ పేరు అవతలి తెరమీద పడుతుంది. రామ్మోహన్ ఆఫీసులో మూడు కంప్యూటర్లలో యాప్ తెరిచి ఉండేది. నేనేమో కౌంటరు మీది బటన్ల ఫోనులో ఉండి, కొనేవాళ్లకు ఫోన్లు చేసిపెట్టేదాన్ని. ఒక ఉదయం మూడు కంప్యూటర్లూ మూసుకుపోయాయి.

రామ్మోహన్ విజయవాడకు ఫోను చేశాడు. అక్కడ బ్రాండ్ల తరఫున మెసేజీలు పంపిపెట్టే కంపెనీ ఒకటి ఉంది. దాని నుంచి నస్రీన్ వచ్చింది. ఆ నెలలో ఆమెకు ఇది పదకొండో దుకాణం. ప్రతిచోటా మూడు ప్రశ్నలే అడుగుతోంది. సిమ్ ఎక్కడుంది? ఏ ఫోనులో ఉంది? ఎవరి పేరు మీద ఉంది?

మొదటి రెండిటికీ రామ్మోహన్ జవాబు చెప్పాడు. మూడోదానికి "మాదే," అన్నాడు. నస్రీన్ కౌంటరు ఫోను తీసుకుని తన నంబరుకు చేసింది. తన తెర అతని ముందు పెట్టింది.

"ఎవరండీ ఈ సువార్తమ్మ?"

"ఏ సువార్తమ్మ?"

"మీ దగ్గర పనిచేస్తారా?"

"మా దగ్గర పనిచేసేది ముగ్గురమ్మా. ముగ్గురూ మగాళ్లే."

నస్రీన్ తన ల్యాప్‌టాప్‌లో పాత ఫారం తెరిచింది. రెండేళ్ల కిందట నల్లరేగడిని తమ కంపెనీలో చేర్చినప్పుడు నింపిన ఫారం. 'నంబరు ఎవరి పేరు మీద ఉంది' అన్న గడిలో 'సంస్థ' అని ఉంది. రాసింది తనే. అడగకుండా రాసింది. ఆ గడి వంక చూసి ల్యాప్‌టాప్ మూసింది.

"నంబరు మార్చేయండి సార్. కంపెనీ కాగితాలతో కొత్తది తీసుకుని, దాన్ని వెరిఫై చేయిద్దాం."

"ఆరేళ్లు అచ్చేయించిన నంబరమ్మా ఇది! ఆవిడెవరో పట్టుకుందాం. వేలు పెట్టించి మన పేరుకు మార్పిద్దాం. ఏదో పథకం వచ్చిందని చెబితే సరిపోతుంది."

"అలా నేను చెప్పను."

"సరే, నువ్వు ఊరికే నిలబడు. నేను చెబుతా."

బాజీ ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముకుంటున్నాడు. అతని పాత ఫోనులో ఆ రోజు ఫారం ఫోటో దొరికింది, అందులో చిరునామా ఉంది. నన్ను బటన్ల ఫోనుతో సహా నస్రీన్ బ్యాగులో వేసుకుంది.

సువార్తమ్మ ఇంటి ముందు పట్టా పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకు రామ్మోహన్ వరసగా తుమ్మాడు. పథకం మాట ఎత్తబోయి మళ్లీ తుమ్మాడు. ఈలోగా నస్రీన్ చెప్పేసింది.

"అమ్మా, మీ పేరు మీద మీకు తెలియని సిమ్ ఒకటుంది. ఈయన దగ్గరుంది. నల్లరేగడి నూనె."

సువార్తమ్మ చేతిలోని కాయ కింద పెట్టింది.

"మీరేనా? రెండు నెలల్నుంచీ వెతుక్కుంటున్నా, మీరేనా?"

అప్పుడు విన్నాను, నావల్ల ఏం జరిగిందో. స్కూల్లో చదివే ఒక పిల్ల తండ్రికి నానుంచి ఫోను వెళ్లింది. తెరమీద సువార్తమ్మ పేరు పడింది. 'మీ ఆయా నూనె అమ్ముతోందా? మా నంబర్లు ఆమెకెలా వచ్చాయి?' అని ఆయన స్కూలు కరస్పాండెంట్‌ను నిలదీశాడు. అడ్మిషన్ రిజిస్టరు ఉండే గది ఊడ్చేది సువార్తమ్మే. ఆమె పేరు మీద రెండు నంబర్లున్నట్టు ఆన్‌లైన్‌లో కనిపించింది. రెండోదానికి సగం అంకెలే కనిపించాయి, అది ఏ నూనె కంపెనీదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నీది కాదని రుజువు తెచ్చుకో, అప్పటిదాకా రావద్దన్నారు. పద్నాలుగేళ్ల ఉద్యోగం.

ఆ ఫోను కలిపింది నేను. ఆ పేరు మోసుకెళ్లి ఆ తెరమీద పెట్టింది నేను. అంతకుముందు అలాంటివి ఎన్ని కలిపానో లెక్కలేదు, ఏ ఒక్కసారీ తడబడలేదు.

"ఒక్క వేలుముద్ర పెట్టమ్మా. ఇది నా పేరుకు మారిపోతుంది, నీకు బాధ తప్పిపోతుంది," అన్నాడు రామ్మోహన్.

"మళ్లీ వేలా? ఆ రోజు గొడుగు కింద ఆ పిలగాడు వేలు పడలేదన్నాడు. ఆ రెండోసారి పెట్టింది దీనికా?" ఆమె తన బొటనవేలు చూసుకుంది. మిరప గింజ అంటి ఉంది. "పెట్టను. మీరే స్కూలుకొచ్చి చెప్పండి."

"నేనొచ్చి ఏం చెప్పాలి? దొంగ సిమ్ వాడానని చెప్పుకోవాలా?"

"మరి నన్నేం చెప్పుకోమంటారు బాబుగారూ? దొంగనని నేను చెప్పుకోనా?"

నస్రీన్ ఆ పిల్ల తండ్రి పేరు అడిగి రాసుకుంది.

కారులో ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. ఎవరి నంబరు ఎప్పుడు, ఎలా వచ్చిందో, మెసేజీలకు ఎప్పుడు ఒప్పుకున్నారో ఆమె కంపెనీ రాసి ఉంచుతుంది. ఆ తండ్రి నంబరు దొరికింది. ఎగ్జిబిషన్‌లో నల్లరేగడి స్టాలు పెట్టినప్పుడు ఆయన లక్కీ డ్రా చీటీ నింపాడు. అడుగున 'వివరాలు పంపవచ్చు' అన్నచోట టిక్కు పెట్టాడు. అయిదు లీటర్ల డబ్బా కోసం తన నంబరు తనే రాసిచ్చి మరిచిపోయాడు.

"రేపు ఈ చీటీ నకలు పట్టుకుని నేను స్కూలుకు వెళ్తున్నా సార్. మా కంపెనీ తరఫున ఉత్తరం కూడా రాస్తా. రెండేళ్ల కిందట నేను అడగాల్సింది."

గుంటూరు దగ్గరపడ్డాక రామ్మోహన్ అన్నాడు. "నా సంతకం లేని కాగితాన్ని ఎవరు నమ్ముతారమ్మా? ఎక్కడ పెట్టాలో చెప్పు."

మర్నాడు కరస్పాండెంట్ రెండు కాగితాలూ చదివాడు. చీటీ రెండుసార్లు చూశాడు.

"ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా సువార్తమ్మా!"

"చెప్పా సార్. మూడుసార్లు చెప్పా."

"సరేలే. సోమవారం నుంచి రా."

ఆమె కదల్లేదు. నస్రీన్ వైపు తిరిగింది. "ఎంతమందికి పోయిందమ్మా నా పేరు?"

"ఫోన్లు చేసింది రెండు మూడు వందల మందికే ఉంటుంది. నంబరు మాత్రం పద్దెనిమిది వేల మంది దగ్గరుంది."

"ఆ అందరికీ చెప్పండి. ఇక్కడ ఒక్క సారుకు చెబితే ఏం సరిపోద్ది?"

నంబరు వదులుకోక తప్పదని రామ్మోహన్‌కు అప్పటికే అర్థమైంది. కొత్త నంబరు కంపెనీ పేరున వచ్చింది. నన్ను రద్దు చేయమని సువార్తమ్మ అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ మీద వేలిముద్ర అడిగితే, చదివించుకుని, తెర తనవైపు తిప్పించుకుని, ఒక్కసారే పెట్టింది.

రద్దయ్యే ముందు, యాప్ ఉన్న ఫోనులోకి నన్ను మార్చాక, నా నంబరు నుంచి చివరి మెసేజీ వెళ్లింది. మాటలు నస్రీన్‌వి. ఈ నంబరు కొమ్ము సువార్తమ్మ గారి పేరు మీద ఉంది. ఆమెకు తెలియకుండా మేము వాడుకున్నాము. మా వ్యాపారంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. తప్పు మాది. నల్లరేగడి.

ఆరేళ్లలో నేను మోసిన మెసేజీల్లో నిజం కానిది ఏదీ లేదనే చెప్పుకోవచ్చు. నూనె మంచిదే. అబద్ధం నేనే.

జవాబులు వచ్చాయి. ఎక్కువమంది వేరుశనగ నూనె ధర అడిగారు. కొత్త నంబరు పంపమన్నారు కొందరు. ఒకాయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపాడు. అన్నిటి చివర, ఎవరో ఒకావిడ రాసింది: 'పాపం, ఎవరండీ ఆవిడ?'

నా దగ్గర ఆమె పుట్టిన తేదీ ఉంది. తండ్రి పేరు, ఇంటి నంబరు, బొటనవేలి గీతలు ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఆలోచిస్తూ ఉండగానే సిగ్నల్ పోయింది.