గవర్రాజు నడుం చుట్టుకొలత

నేను ఒక టైలరు టేపును. ఒక వైపు అరవై అంగుళాలు, రెండో వైపు నూట యాభై సెంటీమీటర్లు. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో అయినా, బతికిందంతా పెనుగొండ బజారులో, గవర్రాజు మెడలో. నాకు ఎముకల్లేవు గానీ అభిమానం ఉంది. ఎవరి నడుం చుట్టూ తిప్పినా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చిక్కల్లా నన్ను పైకి చదివే మనిషితోనే.

గవర్రాజుకి ఒక పద్ధతుంది. నా మీద నలభై చూస్తాడు. "ముప్ఫై ఆరేనండీ, మీరేం ఒళ్ళు చెయ్యలేదు!" అని కేకేస్తాడు. సుద్దముక్కతో గుడ్డ మీద మాత్రం బుద్ధిగా నలభై రాసుకుంటాడు. ప్యాంటు హాయిగా పడుతుంది, వేసుకున్నవాడు మురిసిపోతాడు, మళ్ళీ ఇక్కడికే వస్తాడు. అలా ఇరవై ఏళ్ళుగా ఆ బజారులో ఏ మగవాడికీ పొట్ట పెరగలేదు.

అతని భార్య మంగతాయారు ఆశా కార్యకర్త. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళ నడుమూ కొలిచి, ఇంట్లో షుగరూ బీపీ ఎవరికైనా ఉన్నాయా అని అడిగి, కాగితం నింపి, ఆరోగ్య కేంద్రానికి పరీక్షలకు పంపడం ఆవిడ పని. జబ్బు ముదిరాక కాదు, ముందే. మగవాళ్ళకి తొంభై సెంటీమీటర్లు దాటితే ఆవిడ మొహం సీరియస్ అవుతుంది. ఆవిడకిచ్చిన టేపు చిరిగిపోవడంతో నన్ను మొగుడి మెడలోంచి లాక్కుపోయింది. అప్పటినుంచి పొద్దున్న ఆవిడ సంచిలో, సాయంత్రం ఆయన మెడలో. సెంటీమీటర్లు ఆవిడవి, అంగుళాలు ఆయనవి.

ఊరంతా తిరిగినా ఆవిడ బెంగంతా ఒక్క గవర్రాజు గురించే. అతని నాన్న యాభై రెండో ఏట, దిట్టంగా ఉన్న మనిషి, మిషను మీదే తల వాల్చేశాడు. ఏం జబ్బో ఎవరూ ఎప్పుడూ చూపించింది లేదు. గవర్రాజుకి యాభై ఒకటి నడుస్తోంది. సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు తడుముకుంటున్నాడు. చెంబులకొద్దీ నీళ్ళు తాగి "ఏం ఎండలే!" అంటున్నాడు. అది డిసెంబరు నెల.

"ఒక్కసారి కొలవనివ్వండి" అంటుంది ఆవిడ.

"లుంగీకి కొలతేంటే?" అంటాడు ఆయన.

నిజమే, ఊరందరికీ ప్యాంట్లు కుట్టిన మనిషి తను మాత్రం లుంగీ వదల్లేదు. అతని నడుం ఎంతో నాకే తెలియదు.

ఒకరోజు ఆవిడ హోటలు వీర్రాఘవుల్ని కొలిచింది. నూట నాలుగు వచ్చింది.

"అంటే నలభై ఒక్క అంగుళాలు బాబుగారూ. రేపు పరగడుపున పరీక్షకి రావాలండి."

"నలభై ఒకటా! మొన్ననేగా మీ ఆయన ముప్ఫై ఏడన్నాడు. నీ లెక్కలో ఏదో తేడా ఉందమ్మాయ్" అంటూ వీర్రాఘవులు నన్ను పట్టుకుని నేరుగా కొట్లోకి వచ్చాడు. వెనకే మంగతాయారు. "ఏవయ్యా గవర్రాజూ, అబద్ధం నీదా, మీ ఆవిడదా?"

కొట్లో ఉన్న నలుగురూ చెవులు రిక్కించారు. ఆవిడది అబద్ధమంటే ఇక ఎవరూ పరీక్షకి రారు. తనదే అంటే ఇరవై ఏళ్ళ పరువు గోవిందా. గవర్రాజు చివరికి నా మీద పడ్డాడు.

"టేపు పాతదండి. సాగిపోయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది గానీ ఎక్కువెలా చూపిస్తుంది? ఆమాత్రం టైలరుకి తెలియదా?

మంగతాయారు అరక్షణం ఆలోచించింది. "అయితే మిమ్మల్నీ దీంతోనే కొలుద్దాం. ఎంత తప్పు చూపిస్తాదో అందరూ చూస్తారు" అని, ఆయన తప్పించుకునేలోగా నన్ను నడుం చుట్టూ బిగించింది. గవర్రాజు ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాగాడు.

"వదలండి" అందావిడ. కాసేపటికి వదలక తప్పలేదు. "నూట రెండు!"

కొట్టంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. నన్ను వెంటనే విప్పకుండా ఆ అంకె మీదే బొటనవేలు నొక్కిపట్టింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

"నీ మొగుడొస్తే నేనూ వస్తా" అన్నాడు వీర్రాఘవులు, తప్పించుకునే దారి అదేననుకుని.

మర్నాడు ఇద్దరూ ఖాళీ కడుపులతో ఆరోగ్య కేంద్రం బెంచీ మీద కూర్చున్నారు. వీర్రాఘవులు తన ఇడ్లీల్నే తలుచుకుని నిట్టూర్చాడు. తీరా చూస్తే ఆయనకి బీపీ కాస్త ఎక్కువుంది, అంతే. గవర్రాజుకి షుగరు రెండొందల ముప్ఫై. కళ్ళూ కిడ్నీలూ కూడా చూసిన డాక్టరమ్మ, "ఇంకా ఏవీ పాడవలేదు. మంచి టైముకొచ్చారు" అంది. మంగతాయారు బయటికొచ్చి రుమాలు కోసం సంచిలో చెయ్యి పెడితే నేనే అందాను. ఆవిడ కళ్ళు నాతోనే తుడుచుకుంది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు నా మొదటి అంకెలు చెరిగిపోయాయి. కొత్త టేపు వచ్చింది. నన్ను గవర్రాజు వాళ్ళ నాన్న ఫొటో కింద మేకుకి తగిలించారు. కొట్లో పద్ధతి మాత్రం మారలేదు. నలభై ఇప్పటికీ ముప్ఫై ఆరే.

నిన్న గవర్రాజుకి యాభై మూడు నిండాయి. పొద్దున్నే స్నానం చేసి ఫొటోకి దణ్ణం పెట్టుకున్నాడు. మేకు మీంచి నన్ను దించి, లుంగీ మీద చుట్టుకుని, సెంటీమీటర్ల వైపు తిప్పాడు. ఊపిరి బిగపట్టలేదు.

"తొంభై ఆరు!" అని వంటింట్లోకి వినబడేలా కేకేశాడు.

నేను చూపించిందీ తొంభై ఆరే.