గ్యాసు గది కుర్చీ

యశోదను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా ఇద్దరినీ ఒకే రోజు సండూరులో పళ్ళ ఆసుపత్రిలో పనికి పెట్టుకున్నారు. తనకేమో ఏసీ గది. పళ్ళు పీకేటప్పుడు పిల్లలు ఏడవకుండా ముక్కుకు మాస్కు తగిలించి నవ్వు గ్యాసు ఇచ్చే పని. నాకేమో చీపురు, చీటీలు. "యశోద చెయ్యి పడితే పిల్లలు కిక్కురుమనరు" అని డాక్టరు మేడం మెచ్చుకుంటుంటే కడుపు రగిలిపోయేది. నా చెయ్యి ఏం పాపం చేసిందట?

ఆ గదిలో మిగులు గ్యాసును బయటికి పీల్చే గొట్టం ఒకటి ఉంది. ఖనిజం లారీలు పోయినప్పుడల్లా అందులోంచి ఎర్రదుమ్ము లోపలికి కొట్టేది. యశోదే గొట్టం మూతికి పాత చీర గుడ్డ కుక్కింది. గది అద్దంలా ఉందని మేడం దానికీ మెచ్చుకుంది!

మొన్న శ్రావణంలో తనకు కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. "అబ్బో, నడక మారిందే! ఏసీ గాలి ఎక్కువైందిలే" అని దెప్పాను. చివరికి సెలవు పెట్టి ఇంట్లో పడింది. బళ్ళారి డాక్టర్లకూ అంతు చిక్కలేదు. గ్యాసు గదిలో తన కుర్చీ నాకు వచ్చింది. దాచడమెందుకు, ఆ రోజు పూలు పెట్టుకుని మరీ పోయాను.

వారం తిరక్కముందే మిషన్లు చూసే హొన్నప్ప వచ్చాడు. గొట్టంలోంచి గుడ్డ లాగి తల కొట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది! గ్యాసంతా ఈడే తిరుగుతాండాది. దినామూ పీలిస్తే నరాలు చెడతాయి. ముందే తెలిస్తే బి12 సూదులతో నయమవుతాది. ఆలస్యమైతే కాళ్ళు పడిపోతాయి."

యశోద తిమ్మిరి ఇదేనని అర్థమైంది. నోరు మూసుకుంటే కుర్చీ నాదే. అబద్ధమెందుకు, సాయంత్రం దాకా మూసుకునే ఉన్నాను. ఆపైన నామీద నాకే అసహ్యమేసి ఫోన్ చేశాను.

"యశోదా, నీ కాళ్ళకు ఆ గ్యాసే కారణమంట. డాక్టరుకు చెప్పి బి12 సూదులు వేయించుకో. బాగయ్యేదాకా ఆ గదికి రావద్దే."

యశోద పకపకా నవ్వింది.

"ఇంక చాలించు సౌభాగ్యా! మూడేండ్లు నా కుర్చీ మీద కన్నేసినావు. దొరికినాక నన్ను రావద్దంటాండావా? సూదులంట సూదులు! నీ కుళ్ళు నాకు తెలీదా? చూస్తాండు, సోమవారం వచ్చి ఆడే కూర్చుంటా."

"నా బిడ్డ మీద ఒట్టు, యశోదా..."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మూడేళ్ళలో ఈ ఒక్క మాటే తన మేలు కోరి చెప్పాను. నమ్మడానికి నేనేమైనా మిగిల్చానా?