బరువెక్కిన కోడి

తెల్లారగానే చిన్నకోడలు ముందుగదిలో బొగ్గులు రాజేసి ఇస్త్రీ పెట్టెలో పోసేది. వీధివాళ్ళ చొక్కాలు ఒక్కొక్కటే ఇస్త్రీ చేస్తుంటే, వెనక గదిలో పెద్దకోడలు లేచి గోడతో మాట్లాడటం మొదలుపెట్టేది. చిన్నకోడలి మొగుడు పోయి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో తోడికోడళ్ళిద్దరూ ముఖాముఖి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అనాల్సిందంతా గోడకే చెప్పేవాళ్ళు, అవతలివాళ్ళ చెవిన పడేలా.

"ముందుగది అద్దెకిచ్చుకుందామంటే వదిలి చావరే! సిగ్గూ శరం ఉంటేగా."

"నా మొగుడు కట్టిన గది. నా శవమే లేవాలి ఇక్కణ్ణుంచి."

ఒకరోజు చిన్నకోడలు పెంచుకునే కోడి వెనక గదిలోకి దూరబోతుంటే, పెద్దకోడలు చూసి మరీ తలుపేసింది. కోడి నలిగిన రెక్కని నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి ఇస్త్రీ బల్ల కింద చతికిలబడింది. చిన్నకోడలు పాత దుప్పటి పీలికలుగా చించింది. రెక్కని మెల్లగా మడిచి ఒంటికి ఆనించి, ఊపిరాడేంత వదులుగా చుట్టి కట్టింది. ఎగిరే పని లేకుండా అట్టపెట్టెలో గడ్డి పరిచి కూర్చోబెట్టి, నూకలూ నీళ్ళూ ముక్కు దగ్గరికే అందించింది.

మూడోరోజు నుంచి, చెడు తలపెట్టినవాళ్ళ చేతికి ఆ కోడి బరువెక్కడం మొదలైంది. దొంగొకడు ఎత్తబోయి, నడుం పట్టేసి అక్కడే కూలబడితే వీధివాళ్ళు లేపి సాగనంపారు. "రెక్క అతుక్కుంటోందా?" అని మాత్రం చిన్నకోడల్ని అడిగి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ వారమే బావగారు, అంటే పెద్దకోడలి మొగుడు, గది ఖాళీ చేయించడానికి ఇద్దరు కూలీలని వెంటబెట్టుకొచ్చాడు. చిన్నకోడలు కోడిపెట్టెని ఇరుకు గుమ్మానికి అడ్డంగా పెట్టి పక్కకి తప్పుకుంది. కూలీలు చెరోవైపు పట్టి ఎత్తారు. పెట్టె కదల్లేదు. బావగారు కూడా ఓ చెయ్యి వేశాడు. ముఖం కందగడ్డలా అయింది తప్ప ఫలితం లేదు.

"ఇది ఇప్పట్లో లేవదండీ," అని కూలీలు చేతులు దులుపుకున్నారు.

ఆ గెలుపు చిన్నకోడలి తలకెక్కింది. బల్లమీద చొక్కాలు మాడుతున్నా ఆమె ఆలోచనంతా ఒకటే. వెనక గదికున్నది ఒకే తలుపు, అదీ బయటికి తెరుచుకునేది. మొగుడూ పెళ్ళాం మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కోడిని దానికి అడ్డం పెడితే? నీళ్ళ చుక్క లేకుండా రెండ్రోజులు అరవనీ!

పన్నెండోరోజు మధ్యాహ్నం చప్పుడు చెయ్యకుండా వంగి పెట్టె పట్టుకుంది. లేవలేదు. కోడి ఒక్కదాన్నే రెండు చేతులా పట్టి లాగింది. చేతుల్లో నరాలు తేలాయి, నడుం కలుక్కుమంది. తను కట్టు కట్టిన కోడి, తన చేతి నూకలు తిన్న కోడి, బండరాయిలా కూర్చుంది.

వెనక గది తలుపు తెరుచుకుంది. పెద్దకోడలు గడప మీద నిలబడి చూసింది. మూడేళ్ళలో మొదటిసారి గోడకి కాకుండా నేరుగా ఆమెకే అంది.

"ఏమ్మా, నీక్కూడా లేవట్లేదా?"

దొంగకీ, బావగారికీ లేవనిది ఇప్పుడు చిన్నకోడలికీ లేవలేదు. నేలమీదే కూర్చుండిపోయింది. కట్టు ముడి విప్పింది. కోడి రెండు రెక్కలూ సమంగా చాచి విదిలించుకుంది.

"సందు చివర దర్జీ తన వరండాలో బల్ల వేసుకోమన్నాడక్కా. వెళ్ళిపోతాను," అంది తల ఎత్తకుండా. "ఇంకొన్నాళ్ళు ఇక్కడుంటే నేను నీలాగే తయారవుతాను."

"పో. నిన్నెవరు పట్టుకున్నారు?"

బట్టలు మూటగట్టి భుజాన వేసుకుని కోడి కింద చెయ్యి పెట్టింది. దూదిలా లేచొచ్చింది. ఇక రెండో చేత్తో ఇస్త్రీ పెట్టెని ఎత్తబోతే, పెద్దకోడలు విసురుగా వచ్చి లాక్కుంది.

"ఒక్కదానివీ ఎన్ని మోస్తావ్? నడువు. అక్కడ పడేసి వస్తా. మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

ఇద్దరూ వీధిలోకి దిగారు. ఒకరి చంకలో కోడి, ఒకరి చేతిలో ఇంకా వేడారని ఇస్త్రీ పెట్టె.