చాసీ మీది గీత

బండి మంచిదని నేనే అన్న. తప్పు నాదే.

మాకు కావాల్సింది షోకు బండి కాదు. వెన్నుపూస అసుంటి ఇనుప చాసీ మీద బాడీ కూసోబెట్టిన పాత మోటు బండి, నాలుగు చక్రాలూ గుంజేది. గుట్ట మీది గూడేలకు మందుల ట్రైలర్ ఎక్కియ్యాలె, దిగేటప్పుడు అండ్లనే రోగుల్ని తేవాలె. పోయిన వానాకాలం ఆటో గుట్ట ఎక్కలేక, నెలలు నిండిన ఒకామెకు దారిలనే పానం పోయింది. మళ్ల వానలకు నెల గూడ లేదు.

అమ్మేటోడు కరుణాకర్. ఉద్యమంల నా పక్కన లాఠీ దెబ్బలు తిన్నోడు. గందుకే నేను బండి కింద పండుకొని చూడలే. మనోన్ని అనుమానిస్తమా? మా అసుంటోళ్లం చేసే తప్పే ఇది.

తార్నాకల ట్రైలర్ తగిలిచ్చి యూనివర్సిటీ క్యాంపస్ లోపటికి తెచ్చినం. చదును రోడ్డు మీద బాగనే గుంజింది. హాస్టల్ వెనక రాళ్ల ఎత్తు కాడికి రాంగనే ఆపమన్నడు కరుణాకర్. రేపు అమాస, ఇయ్యాల్నే కాగితాలు కానియ్యమని ఒకటే తొందర.

మాతోటి నర్సు వనజ వచ్చింది. ట్రైలర్ల రోగుల పక్కన కూసునేది ఆమెనే. బదిలీ ఫారానికి చాసీ నంబరు ముద్ర కావాలె. కిందికి వంగి, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోటి రుద్దింది. నంబరు తేలింది. దాని పక్కన జెర్రి పాకినట్టు ఒక అడ్డగీత గూడ తేలింది.

గోటితోటి కొత్త నల్లరంగు గీకింది. కింద వెల్డింగ్.

చాసీ విరిగిందా, బరువుతోటి ఎత్తు ఎక్కితే మళ్ల విరుగదా అని అడిగింది. పాత బండ్లకు గివన్నీ ఉంటయి చెల్లె అని, కరుణాకర్ నా దిక్కు తిరిగిండు.

"నా వీపు మీద వాతలు చూసినోనివి. నన్నే నమ్మవా దయాకరూ?"

వనజ అందుకున్నది.

"నీ వీపు సంగతి ఎరుకే అన్నా. బండి వీపు సంగతి చెప్పు. సరే, నువ్వు ట్రైలర్ల కూసో. దయన్న ఈ ఎత్తు ఎక్కిస్తడు."

నేను పోయి స్టీరింగ్ పట్టిన. ఇంజన్ మొదలువెట్టి అద్దంల చూస్తున్న. ట్రైలర్ తలుపు తెరిచే ఉన్నది. కరుణాకర్ ఒక కాలు మెట్టు మీద పెట్టిండు. వెల్డింగ్ దిక్కు ఒకసారి చూసిండు. కాలు దించిండు.

ఇంజన్ బంద్ చేసి తాళం ఆయన చేతుల పెట్టిన. ట్రైలర్ ఊడదీసి తార్నాక దిక్కు నెట్టుతుంటే, మాట లేకుంట ఆయన గూడ చెయ్యేసిండు. ఆయన సాయం వనజ వద్దన్నది. నేను అనలే.

"ఆ రంగు గీకేసి అమ్ము," అన్న. "ఇంకొకరి ట్రైలర్ల ఎవరుంటరో."