దారి ఖాళీ

కోకాపేట అద్దాల మేడల వెనక ఒక రాతిగుట్ట మిగిలి ఉంది. దాని కడుపులో సొరంగం. ఒకప్పుడు క్వారీ రాయి మోసే రైలు అందులోంచే పోయేది. మా నాయన ఆ లైను మీద గ్యాంగ్‌మన్. లోపలికి పోయే ముందు తన పేరు తనే కేకేసేవాడు. అవతలి కొసన ఉన్న మనిషి అదే పేరు తిరిగి పలికితే దారి ఖాళీ అని అర్థం.

అదే మా ఇంట్లో ఆచారమైంది. పుట్టిన బిడ్డను అక్కడికి తీసుకుపోయి పేరు పిలుస్తాం. తిరిగి వినబడితే బిడ్డ బతుక్కి దారి ఖాళీ. రైలు ఆగిపోయాక కూడా మాలో ఎవరో ఒకరు అవతల నిలబడేవాళ్లం. మనుమరాలు రేఖ పేరుకు పలికింది నా భార్య రుక్కమ్మ. ఇప్పుడు ఆమె లేదు.

రేఖకు కూతురు పుట్టింది. రేపు సొరంగం మూసేస్తూ గోడ కడతారట.

రేఖ భర్త లోహిత్‌ది భీమవరం. "బర్త్ సర్టిఫికెట్ వచ్చేసిందండి తాతగారూ. సొరంగం సంతకం కూడా కావాలాండీ?" అని నవ్వాడు.

"నీకేమెరుక? అక్కడ పిలిచేదాంక తాత దాన్ని పేరు పెట్టి పిలవడు. పుట్టినసంది 'ఓ పిల్లా' అంటుండు," అంది రేఖ.

సాయంత్రం పిల్లను తీసుకుని ముగ్గురం పోయాం. ఫోనొచ్చిందంటూ లోహిత్ కారెక్కి ఎటో పోయాడు.

లోపల్నుంచి చల్లగాలి, తడి రాయి వాసన. ఆ కొసన వెలుగు జొన్నగింజంత. అవతల ఎవరూ లేరని తెలుసు. అయినా పిల్లను ఎత్తుకుని పిలిచాను.

"రసజ్ఞా...!"

పేరు చీకట్లోకి మెల్లగా నడిచిపోయింది. గబ్బిలాలు కదిలాయి. నీటిచుక్క ఒకటి రాలింది. రుక్కమ్మ చీర కొంగు సవరించుకుని గొంతెత్తబోతున్నట్టే అనిపించింది. ఏమీ రాలేదు.

"పోదాం పా తాతా," అంది రేఖ.

అప్పుడు, ఎంతో దూరం నుంచి, ఆయాసంతో ఒక గొంతు వచ్చింది.

"రసజ్ఞా...! దారి ఖాళీయేనండీ...!"

రేఖ పక్కున నవ్వింది. "ఏంది తాతా, సొరంగం గోదావరి యాసల మాట్లాడుతుంది!"

గుట్ట చుట్టూ తిరిగి అవతలి కొసకు పోయాడన్నమాట పిల్లగాడు. నా కళ్లు తడిశాయి. పిల్ల నా గడ్డం పట్టుకుని గుంజింది.

"జర ఆగు రసజ్ఞా," అన్నాను. "మీ నాయనను రానియ్యి."