ఆర్డిస్ అడిగిన మాట

మా కౌంటీలో చిన్న నేరాలవాళ్లను, జైలు శిక్ష తప్పినవాళ్లను చలికాలంలో ముసలివాళ్ల ఇళ్ల ముందు మంచు తీయడానికి పంపుతారు. వాళ్లను వ్యానులో తిప్పేది నేను. ఇది దయో శిక్షో నాకిప్పటికీ తేలలేదు. మంచు మాత్రం ఎత్తిన చోటే మళ్లీ పడుతుంది.

ఆ రోజు ఆఖరి ఇంటి ముందు ఆగాం.

"మన ఒళ్లు తగ్గించే పూచీ జడ్జిగారు తీసుకున్నార్రా," అంటూ గస్ పార పట్టుకుని దిగాడు. మిగతావాళ్లూ దిగారు. వేలన్ మాత్రం కదల్లేదు. ముఖం పాలిపోయింది.

"బండి తిప్పెయ్ బాస్. కిటికీలో ఆర్డిసమ్మ ఉంది."

వేలన్ తాగి కారు నడిపి చెట్టుకు గుద్దాడు. పక్కన కూర్చున్న ప్రాణస్నేహితుడు క్లింట్ చనిపోయాడు. ఆర్డిస్ క్లింట్ తల్లి. ఆమెతో మాట్లాడితే వేలన్‌కు నాలుగేళ్ల జైలని కోర్టు ఉత్తర్వు ఉంది. ఆ ఇల్లు ఆమె అక్కది. ఆమె అక్కడికి మారిందని మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

నేను గేరు మార్చేలోపే ఆమె వచ్చి వేలన్ పక్క తలుపు పట్టుకుంది. బండి కదిలితే పడిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నోట్లో నాలుక లేదురా? మా ఇంట్లో తిన్నన్నాళ్లూ వాగుతూనే ఉండేవాడివిగా."

వేలన్ తల దించుకున్నాడు.

"వాడు మీతో మాట్లాడకూడదమ్మా," అన్నాను. "కోర్టు ఆర్డరు. మీ రక్షణ కోసమే."

"నన్ను రక్షించడానికి ఇంకేం మిగిలిందయ్యా?"

ఆమె మళ్లీ వాడివైపు తిరిగింది.

"కోర్టులో నీ బదులు లాయరే మాట్లాడాడు. నాకు నీ క్షమాపణలొద్దు. ఒక్కటి చెప్పు. మావాడు వెంటనే పోయాడన్నారు. నిజమేనా?"

"నోరు మూసుకో వేలన్," అన్నాను. "మార్చిలో నీ శిక్ష అయిపోతుంది. మాట్లాడావంటే నేను ఆఫీసుకి చెప్పక తప్పదు."

వాడు నావైపు చూశాడు. నాకు వాడి మీద కోపం రాలేదు, వాడికేమవుతుందోనని భయమేసింది. వాడు అద్దం దించాడు.

"వెంటనే పోలేదమ్మా. కాసేపు ఉన్నాడు. చలేస్తోందన్నాడు. నా కోటు కప్పా. నిన్ను పిలవమన్నాడు. ఫోను దొరకలేదు."

ఆమె ఏడవలేదు.

"అయితే ఒంటరిగా పోలేదన్నమాట."

"లేదమ్మా. పట్టుకునే ఉన్నా."

గస్ వాళ్లు పారలు ఆపి మావైపే చూస్తున్నారు. వేలన్ అద్దం ఎత్తలేదు.

"చెప్పెయ్ బాస్," అన్నాడు మెల్లగా.

ఆఫీసుకి చెప్పడానికి నేను వ్యాను రేడియో అందుకున్నాను. చెవిటివాడినై పుట్టినా బాగుండేదనిపించింది.

ఆర్డిస్ బండి చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"నా మాట కూడా చెప్పు బాబూ," అంది. "అడిగింది నేనని."