ఎవరికీ చెప్పొద్దన్న ఉత్తరం

పనాస్ తాత సామాన్లను చెత్త సంచుల్లో కుక్కి వీధిలో పెట్టారు.

జనవరి నెల. కెనడాలోని విన్నిపెగ్‌లో ఆ ఉదయం చలి సున్నాకి ముప్పై డిగ్రీల దిగువన ఉంది. హోటల్ అద్దాల తలుపు బయట, మూడు నల్ల సంచుల పక్కన, డెబ్బై ఒక్కేళ్ల మనిషి టోపీని చెవుల మీదికి లాక్కుని నిలబడ్డాడు. లోపల ఫలహారాల హాల్లో మేం నలభైమందిమి. అందరం ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లమే. అందరం అద్దంలోంచి చూస్తున్నాం. ఎవరమూ లేవలేదు. చెంచాల చప్పుడు మాత్రం ఆగింది.

నేనూ లేవలేదు. ఆ మాట ఒప్పుకోకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

నా పేరు రయీసా. మికొలాయివ్ ఓడల కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపాను. అంత ఎత్తున ఒక్కదాన్నే కూర్చోవడం నాకు అలవాటే. కానీ అక్కడ కిందనుంచి ఎవడో ఒకడు చెయ్యి ఊపేవాడు, తిట్టేవాడు, టీ తాగుదాం దిగమని కేకేసేవాడు. ఈ హోటల్లో నా గదికి రెండు వైపులా మా దేశం వాళ్లే. గోడ అవతల దగ్గు వినిపిస్తుంది. ఎదురుపడితే మాత్రం తల వంచుకుని పోతాం. యుద్ధం మమ్మల్ని ఇలా చేసిందనుకున్నాను.

కొత్తగా దిగినవాళ్లకి ప్రభుత్వం పద్నాలుగు రోజులు గది ఇస్తుంది. ఇల్లు దొరక్కపోతే గడువు పెంచుతుంది. అందుకు సిఫారసు రాసేది హోటల్ నడిపే కాంట్రాక్టరు మనిషి, డగ్. నా పదకొండో రోజున అతను నన్ను ఆఫీసుకి పిలిచాడు. అతని మాటల్ని ఫోన్ మా భాషలోకి మార్చి పలికింది.

"రయీసా, నువ్వు పనిమంతురాలివి. గడువు పెంచమని నీకు ఉత్తరం రాస్తా. రోజూ ఓ ఆరు గదులు శుభ్రం చేసిపెట్టు, అంతే. నీ ఒక్కదానికే ఇది. ఎవరికీ చెప్పకు. మిగతావాళ్లు గోల చేస్తారు."

ఆ ఉత్తరాన్ని కోటు లోపలి జేబులో దాచుకున్నాను. పక్కగదివాళ్లని చూస్తే, పాపం వీళ్లకి లేదే అని జాలేసేది. సిగ్గూ వేసేది.

పనాస్ తాతని కూడా పిలిచారని నాకు తర్వాత తెలిసింది. మా దేశంలో లిఫ్టులు బాగుచేసిన మనిషి ఆయన. "పనికి నేను భయపడను. ఇది పని అని కాగితం మీద రాయి, చేస్తా" అన్నాడట. ఉత్తరం రాలేదు, గడువు తీరింది. అందుకే వీధిలో ఉన్నాడు.

మేం అద్దంలోంచి చూస్తుండగానే తలుపు తోసుకుని ఒకావిడ లోపలికొచ్చింది. ఒక చేత్తో తాత మోచెయ్యి పట్టుకుంది, ఇంకో చేత్తో సంచి ఈడుస్తోంది. ఆమె మరితెస్, ఫిలిప్పీన్స్ మనిషి. తొమ్మిదేళ్లు ఆ హోటల్లో గదులు శుభ్రం చేసింది. మూడు వారాల కిందట పనిలోంచి తీసేస్తే, లాకర్లో మిగిలిన బూట్ల కోసం వచ్చింది.

"ముసలాయన బయట కొయ్యబారిపోతుంటే మీకు ముద్ద ఎలా దిగుతోందమ్మా?" అని అరిచింది. "గదులు ఖాళీ, నీకు పని లేదన్నాడు డగ్. అన్నీ నిండే ఉన్నాయిగా! మరి నా పని ఎవరు చేస్తున్నారు? చెప్పండి!"

జోర్యానా అని, రసాయనశాస్త్రం చెప్పిన టీచరు, పక్క బల్ల దగ్గర్నుంచి ఆ ఇంగ్లీషు మాటల్ని మా భాషలో చెప్పింది. చివరి ప్రశ్న దగ్గర ఆమె తన కోటు జేబు తడుముకుంది.

నేను లేచాను. "నేనే చేస్తున్నా. రెండో అంతస్తు."

జోర్యానా నన్ను తేరిపార చూసింది. "నువ్వు కూడానా అక్కా? నేను మూడో అంతస్తు. నా ఒక్కదానికే అన్నాడు!"

"నేను అంట్లు తోముతున్నా," అని ఇంకొకామె.

"మంచు ఎత్తిపోస్తున్నా," అని ఇంకొకతను.

జేబుల్లోంచి ఉత్తరాలు బల్లమీదికొచ్చాయి. పదిహేడు. అన్నిట్లో అవే మాటలు, పేర్లే వేరు. గోడకి అటూ ఇటూ ఒకే రహస్యాన్ని దాచుకుని, ఒకరికొకరం భయపడి బతికాం. యుద్ధం కాదు మమ్మల్ని విడదీసింది.

"నీ పని లాక్కున్నాను. తెలియక," అన్నాను మరితెస్‌తో.

"ఇప్పుడు తెలిసిందిగా. ఇప్పుడేం చేస్తావ్?"

హోర్దీ అడ్డొచ్చాడు. మా దేశంలో దుకాణం నడిపినవాడు. "ఆశ్రయమిచ్చిన చోట గొడవలా? తిన్నింటి వాసాలు లెక్కపెడతారా?"

"ఇల్లు వీడిదెక్కడిదిరా?" అన్నాడు పనాస్ తాత, వణుకు తగ్గకుండానే. "ఇచ్చింది ఈ దేశపు జనం. వీడు తాళంచెవి చేతికొచ్చిన కాపలావాడు."

"అందర్నీ గెంటేస్తే?" అన్నాడు హోర్దీ.

"గెంటమను," అంది జోర్యానా. "ఒక్కడికి మూడు సంచులు సరిపోయాయి. నలభైమందికి ఎన్ని తెస్తాడో చూద్దాం!"

సంచులు లోపలికి తెచ్చాం. బకెట్లూ చీపుళ్లూ డగ్ ఆఫీసు గుమ్మం ముందు పోగేసి హాలు నేలమీద కూర్చున్నాం. మేం అడిగినవి మూడు. తాతకి గది ఇవ్వాలి. మరితెస్‌ని పనిలోకి తీసుకోవాలి. గడువు ప్రభుత్వమే రాసివ్వాలి, వెట్టి లేకుండా.

డగ్ బయటికొచ్చాడు. ముఖం ఎర్రబడింది. ఏదో అరిచాడు. ఫోన్ దాన్నే తియ్యటి ఆడగొంతుతో పలికింది: "మీరు ఈ దేశం వదిలి వెళ్లవలసి రావచ్చు."

"పాపం, ఆ ఫోన్లో అమ్మాయిని కూడా వచ్చి కూర్చోమనండి," అన్నాడు తాత. ఆ హోటల్లో మేమంతా కలిసి నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. మరితెస్ ఇక్కడి ఉద్యోగీ కాదు, అతిథీ కాదు, అక్రమంగా చొరబడిందన్నారు. మేం చేతులు కలిపి తలుపుకి అడ్డం నిలబడ్డాం.

"దారివ్వండి. నన్ను తీసుకెళ్లనీ," అంది మరితెస్. "మీరు మాత్రం ఇక్కణ్ణుంచి కదిలారా, నా మీద ఒట్టే!"

ఆమెని తీసుకెళ్లారు. హోర్దీ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత వచ్చి మా మధ్య కూర్చుని, జేబులోంచి పద్దెనిమిదో ఉత్తరం తీసి నేలమీద పెట్టాడు.

మూడోరోజున ప్రభుత్వం తరఫున ఒకావిడ వచ్చి ఉత్తరాలన్నీ చదివింది. కాంట్రాక్టరుని తప్పించారు. అందరికీ మూడు నెలల గడువు రాసిచ్చారు, తాతకి కూడా. మరితెస్‌ని తీసుకెళ్లిన రోజు సాయంత్రానికే వదిలారు కానీ కేసు ఉంచారు, పని ఇవ్వలేదు. సౌకర్యం కోసమంటూ మమ్మల్ని అయిదు హోటళ్లకి పంచేశారు. తాత ఊరికి అటు కొసన, జోర్యానా ఇటు కొసన. నేను విమానాశ్రయం పక్కన. ఇక్కడా మా దేశం వాళ్లే ఉన్నారు, కానీ నేనెవరికీ తెలియను. భోజనం బల్ల దగ్గర నా ఎదుటి కుర్చీ వారం రోజులు ఖాళీగానే ఉంది. గెలిచినవాళ్లకి ఇంత ఒంటరితనం ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మరితెస్ కేసు కోర్టుకొచ్చేది ఇరవై రెండున. నిన్న మధ్యాహ్నం ఈ హోటల్ మొదటి అంతస్తులో మొదటి తలుపు తట్టాను. గొలుసు సందులో ఒక స్త్రీ ముఖం సగం కనబడింది.

"ఏం కావాలి?"

"కోర్టు ముందు నిలబడ్డానికి మనుషులు కావాలి."

"ఎంతమంది వస్తున్నారు?"

"పాత హోటల్లో ఉన్నవాళ్లు నలుగురు. ఇక్కణ్ణుంచి, ఇప్పటికి, నేనొక్కదాన్నే."

ఆమె గొలుసు తియ్యలేదు. తలుపూ మూయలేదు. నేను అక్కడే నేలమీద కూర్చుని మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.